ఎల్డ్రెడ్ కోంబిలో పరాయి ఇంజిన్

ఎల్డ్రెడ్ కెటిల్డాస్ ఒట్టి కోపిష్టి అని మా రోజ్‌డేల్ వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. చర్చిలో పాస్టర్ ప్రసంగిస్తుంటే మధ్యలో లేచి తప్పు దిద్దాడని, నీళ్ళ బిల్లు గొడవలో మునిసిపాలిటీ గుమస్తా చేతిలో కాగితం లాక్కుని చింపేశాడని కథలు కథలుగా చెప్పుకుంటారు. అవన్నీ నిజమే. కానీ అవి చెప్పి నవ్వేవాళ్ళను చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆయన ఇంటికి మాది ఎదురిల్లు. ఆయన పనిచేసిన కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే నేను ఇరవై రెండేళ్ళు వంట చేశాను. ఆయన కోపం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు.

అది 1960. ఎల్డ్రెడ్‌కు తొమ్మిదేళ్ళు. తండ్రి ఐజాక్ ఇటుక బట్టీలో పనివాడు. క్రిస్మస్ మర్నాడు బట్టీ లారీ అడిగి తెచ్చి, పెళ్ళాం పిల్లలనూ పక్కింటివాళ్ళనూ ఎక్కించుకుని రూయిక్లిప్ సముద్ర తీరానికి తీసుకెళ్ళాడు. ఒంటి రంగును బట్టి తీరాలు పంచిన రోజులవి. తెల్లవాళ్ళం కాని మావాళ్ళకు కేటాయించిన తీరమంతా పదునైన రాళ్ళు. మంచినీళ్ళు లేవు. కంచెకు అవతల గుడారాలు వేసుకునే స్థలం ఉంది. చెట్లు, కుళాయి, మెత్తటి ఇసుక అన్నీ అక్కడే. గేటు మీద తెల్లవాళ్ళకు మాత్రమే అని బోర్డు. ఆరోజు అక్కడ ఎవరూ లేరు. నీళ్ళు దగ్గరగా ఉంటాయని ఎల్డ్రెడ్ తల్లి కుళాయి పక్కనే పొయ్యి పెట్టి చేపల కూర ఎక్కించింది.

కూర ఉడుకుతుండగా కాపలావాడు కుక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. ఏమీ అడగలేదు. బూటుకాలితో గిన్నెను తన్నాడు. ఐజాక్ టోపీ తీసి చేత పట్టుకుని, నవ్వుతూ, "సరే బాస్, వెళ్ళిపోతున్నాం బాస్" అన్నాడు. ఇసుకలో పడ్డ చేప ముక్కలను ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసుకున్నాడు. అలా ఏరుతున్నంత సేపూ నవ్వుతూనే ఉన్నాడు.

"ఆ కాపలావాడి మీద కోపం నాకు తర్వాతెప్పుడో వచ్చింది గ్లీనిస్. ముందు మా నాన్న నవ్వు మీద వచ్చింది" అని ఎల్డ్రెడ్ ఒకసారి నాతో అన్నాడు.

పద్దెనిమిదేళ్ళకు ఫ్యాక్టరీలో చేరి, ఇంజిన్లు పరీక్షించే చోట ముప్పై మూడేళ్ళు పనిచేశాడు. కొత్త ఇంజిన్‌ను బల్ల మీద బిగించి నడిపించి, చెవి ఒగ్గి వినడం ఆయన పని. యంత్రాలు వచ్చాక కూడా వాటికి అందని లోపాన్ని ఆయన చెవి పట్టేది. కళ్ళకు గంతలు కట్టి, నాలుగు ఇంజిన్లు నడిపించి ఏది ఏదో చెప్పమని తోటివాళ్ళు పందెం కాసేవారు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. కానీ తెల్లవాడు కానివాడు సూపర్‌వైజర్ కాకూడదన్నది అప్పటి చట్టం. ఆయన దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆయనకే పైవాళ్ళయ్యారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, పళ్ళెం ముందు పెట్టుకుని, తినకుండా ఫోర్కుతో బంగాళాదుంపలు పొడుస్తూ కూర్చునేవాడు. పక్కన పర్సీ ఊర్సన్ మాత్రం కడుపునిండా తినేవాడు. పర్సీ పక్క బల్ల మీద పనిచేసేవాడు. ఎల్డ్రెడ్ పెళ్ళిలో తోడు నిలిచినవాడు. ఎల్డ్రెడ్‌ను నవ్వించగలిగినవాడు మా ఊళ్ళో అతనొక్కడే.

తెల్లవాళ్ళ చట్టాలు పోయి రోజులు మారాక, 1995లో ఎల్డ్రెడ్ ఒక పాత కోంబి కొన్నాడు. వెనక మంచం, చిన్న పొయ్యి, పైకి లేచే కప్పు ఉన్న జర్మన్ బండి, మా ఫ్యాక్టరీలో తయారైందే. దాని ఇంజిన్ నంబరు చూసి, అది తన బల్ల మీదుగానే వెళ్ళిందని లెక్కకట్టి చెప్పాడు. ఆ డిసెంబరులో భార్య డొరీన్‌ను, కూతురు రొవీనాను ఎక్కించుకుని తిన్నగా రూయిక్లిప్‌కు పోనిచ్చాడు. గేటు దాటి, కుళాయి పక్కనే బండి ఆపాడు. అప్పట్నుంచి ఏటా అదే చోటు. మరుసటి ఏడు తండ్రిని కూడా తీసుకెళ్ళాడు. ఐజాక్ కోంబి దిగలేదు. టోపీ పెట్టుకుని, కోటు బొత్తాలు పెట్టుకుని, రోజంతా ముందు సీట్లోనే కూర్చున్నాడు. ఎవరైనా వచ్చి లేవమంటే వెంటనే కదలడానికి వీలుగా ఉండాలట. ఎల్డ్రెడ్ తండ్రితో ఆ రోజంతా మాట్లాడలేదు. ఆ తర్వాత వచ్చిన చలికాలంలోనే ముసలాయన పోయాడు.

నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగాక, 2015లో, కొండదారి ఎక్కుతుండగా కోంబి ఇంజిన్ పట్టేసింది. అప్పటికే రెండుసార్లు విప్పి బాగుచేసిన ఇంజిన్. ఇక బాగుపడదని అందరికన్నా ముందు తెలిసింది ఎల్డ్రెడ్‌కే. అలాంటి ఇంజిన్ ఇంకొకటి కోసం ఎనిమిది నెలలు వెతికాడు. దొరికినవన్నీ దానికన్నా పాడైనవే.

రొవీనా గనుల్లో పెద్ద ట్రక్కులకు వైరింగ్ చేసేది. ఆ గని మూతపడి ఇంటికొచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, తండ్రి పోలికే, మాటకు మాట అప్పజెబుతుంది. ఒకరోజు పాత కార్లు విడగొట్టే దుకాణం నుంచి ఒక సుబారు ఇంజిన్‌ను అద్దె బండి మీద తెచ్చి వాకిట్లో దింపింది. జపాన్ ఇంజిన్. పాతదానిలాగే నాలుగు సిలిండర్లు పడుకుని ఉండే రకం, కాబట్టి కోంబి వెనక పడుతుంది. కొండ ఎక్కమంటే ఇంకా బాగా ఎక్కుతుంది.

ఎల్డ్రెడ్ దాన్ని చూసి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. ముప్పై మూడేళ్ళు తన చెవి అరగదీసుకున్న ఇంజిన్ల స్థానంలో వేరే కంపెనీదా అని డొరీన్ మీద అరిచాడు. కూతురితో మూడు వారాలు మాట్లాడలేదు. రొవీనా కూడా బతిమాలలేదు. వాకిట్లో కూర్చుని తన పాటికి తాను ఇంజిన్ తుడుచుకుంటూ ఉండేది. నాలుగోవారం ఒక పొద్దున ఆయన బయటికొచ్చి, "ఆ బోల్టు అలా తిప్పితే తెగుతుంది, నీకెవరు నేర్పారు పని?" అన్నాడు. "ఎవరూ నేర్పలేదు డాడీ, నేర్పాల్సినాయన అలిగి పడుకున్నాడు" అంది రొవీనా. అలా మొదలైంది.

పని ఏడాది పట్టింది. కోంబి గేర్‌బాక్సు బోల్టు రంధ్రాలు, జపాన్ ఇంజిన్ రంధ్రాలు ఒకదానికొకటి కలవవు. రెండింటి మధ్యకు అంగుళం మందం అల్యూమినియం పలక కావాలి. ఎల్డ్రెడ్ అట్టముక్క మీద గీసి, కోసి, పెట్టి చూసి, మళ్ళీ గీసి, చివరికి లేత్ పనివాడి చేత చేయించాడు. వాడు మొదటిసారి వెంట్రుకవాసి తేడాతో చేసిస్తే వాడి ఎదుటే నేలకేసి కొట్టాడు. కింద వేలాడే ఆయిల్ తొట్టి నేలకు తగులుతుందని రొవీనా దాన్ని కోసి పొట్టిచేసి వెల్డింగ్ చేసింది. జపాన్ కారు వైర్ల కట్టనంతా భోజనాల బల్ల మీద పరిచి, ఏవి ఉంచాలో ఏవి తీసెయ్యాలో చూసుకుంటూ అయిదు వారాలు కూర్చుంది. అన్నాళ్ళూ డొరీన్ ఇంట్లో అందరూ వంటింట్లో నిలబడి తిన్నారు. ఒకరోజు నేను బల్ల మీద ప్లేటు పెట్టబోతే తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఒకేసారి నామీద విరుచుకుపడ్డారు.

మొదటిసారి నడిపించిన రోజు ఇంజిన్ వేడెక్కిపోయింది. గొట్టాల్లో గాలి ఇరుక్కుంది. బండి ముందుభాగాన్ని జాకీతో ఎత్తి, గాలి తీసేసి, మళ్ళీ నడిపించారు. ఎల్డ్రెడ్ వెనక నిలబడి కళ్ళు మూసుకుని విన్నాడు. చాలాసేపు విన్నాడు. "గొంతు వేరు. కానీ అబద్ధం చెప్పడం లేదు" అన్నాడు. తర్వాత ఇంజిన్ మార్చినట్టు పోలీసుల దగ్గర పరీక్ష చేయించి, కాగితం రాయించుకుని, కొత్త నంబరును బండి రికార్డులోకి ఎక్కించాడు. ఎక్కడా ఏదీ దాచలేదు.

దాచకపోవడమే ఆయనను ముంచింది.

మా చుట్టుపక్కల పాత కోంబిలున్నవాళ్ళ సంఘం ఒకటుంది. ఎల్డ్రెడ్, పర్సీ ఇద్దరూ అందులో పదేళ్ళుగా సభ్యులు. 2017 డిసెంబరులో సంఘం పాతికేళ్ళ పండుగ చేసింది. అందుకోసం నాలుగు రోజులపాటు రూయిక్లిప్ మొత్తాన్ని తీసుకుంది. ఆ నాలుగు రోజులూ బయటివాళ్ళకు అక్కడ చోటు లేదు. పండుగకు వచ్చే బళ్ళన్నీ అసలు రూపంలో ఉండాలని, ఫ్యాక్టరీ ఇంజినే ఉండాలని కొత్త నిబంధన పెట్టారు. ఫారం పంపారు. అందులో ఇంజిన్ గురించి ఒక గడి.

ఫారం నింపేరోజు పర్సీ ఎల్డ్రెడ్ ఇంటికొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఒరేయ్ ఎల్డీ, ఫ్యాక్టరీ ఇంజినే అని రాసి పడెయ్. మంచం ఎత్తి, మూత తీసి చూసేవాడెవడు? నిజం రాస్తే మెడల్ ఇస్తారా నీకు?" అన్నాడు పర్సీ.

"ఆ మెడలేదో నువ్వే వేసుకో. నా కూతురు చేతులు కాల్చుకుని పెట్టిన ఇంజిన్ అది. దొంగసరుకులా దాచుకోను."

ఉన్నదున్నట్టు రాసి, పోలీసుల కాగితం కూడా జతచేసి పంపాడు. సంఘం నుంచి అవునని గానీ కాదని గానీ జవాబు రాలేదు. రాలేదంటే ఒప్పుకున్నట్టే అనుకున్నారు. ఎల్డ్రెడ్, డొరీన్ ముందు కూర్చుని, నన్ను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరారు. రొవీనాకు పనుండి రాలేదు. పాత ఇంజిన్ ఆగిపోయిన కొండదారిని కొత్త ఇంజిన్ మూడో గేరులో ఎక్కేసింది. డొరీన్ చప్పట్లు కొట్టింది. ఆ ఒక్క గంటా ఎల్డ్రెడ్ సంతోషంగా ఉన్నాడు. నేను చూశాను.

రూయిక్లిప్ గేటు దగ్గర సంఘం అధ్యక్షుడు డెరిక్ ఫెరేరా చేతిలో జాబితా పట్టుకుని నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళ తెల్లాయన, మర్యాదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచడు. మా బండి చూసి దగ్గరికొచ్చి కిటికీ మీద చెయ్యి వేశాడు.

"అంకుల్, మీ ఫారంలో మీరే రాశారు కదా. ఒక్కరికి సడలిస్తే అందరికీ సడలించాలి. పగలంతా లోపల కూర్చోండి, మాతో తినండి, తాగండి. పొద్దు గూకేసరికి మాత్రం బయటికి వెళ్ళిపోవాలి, అంతే" అన్నాడు.

పొద్దు గూకేసరికి బయటికి పొమ్మనడం, పాత రోజుల్లో తెల్లవాళ్ళు మావాళ్ళతో అన్న మాటే. తెలిసే అన్నాడో తెలియక అన్నాడో దేవుడికెరుక. ఈ తీరంలో పుట్టి పెరిగిన మనిషికి, ఏ గేటు దగ్గర నిలబడి ఎవరితో ఆ మాట అంటున్నాడో తట్టలేదంటే నేను ఇప్పటికీ నమ్మను. డొరీన్ భర్త మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన అరుస్తాడనుకున్నాం. అరవలేదు. నెమ్మదిగా ఆమె వేళ్ళు విడదీసుకుని బండి దిగాడు.

లోపల ఊరేగింపుకు సిద్ధంగా ఇరవై ఆరు కోంబిలు వరుసగా నిలబడి ఉన్నాయి. అన్నీ ఇంజిన్లు నడుస్తూనే ఉన్నాయి. ఎల్డ్రెడ్ చేతులు వెనక్కి కట్టుకుని గేటు దాటి, మొదటి బండి వెనకకు వెళ్ళి తల వంచి నిలబడ్డాడు.

"ఇది ఫ్యాక్టరీదే" అన్నాడు. రెండోదాని దగ్గరికి వెళ్ళాడు. "ఇది ఆరు సిలిండర్లది. అమెరికా కంపెనీది." మూడోది, "ఫ్యాక్టరీదే." నాలుగోది, "ఇది జపాన్‌ది. మా ఇంజిన్‌కు అన్న. కానీ మావాడిలా పోలీసుల దగ్గర పేరు రాయించుకోలేదు."

మొదట అందరూ నవ్వారు. ముసలాయన వేళాకోళమాడుతున్నాడనుకున్నారు. నాలుగో బండి తర్వాత నవ్వులు ఆగిపోయాయి. ఆరో బండివాడు గబుక్కున తాళంచెవి తిప్పి ఇంజిన్ ఆపేశాడు. ఎల్డ్రెడ్ వాడి కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఆపితే దాగుతుందా నాయనా? ఆగేటప్పుడు కూడా అది తన భాషే మాట్లాడింది" అన్నాడు. ఫెరేరా వెంట నడుస్తూ, అంకుల్ ఇక చాలు అంటున్నాడు. ఎల్డ్రెడ్ వినిపించుకోలేదు. ఫెరేరా సొంత బండి దగ్గరికొచ్చాడు. ఎల్డ్రెడ్ విని, "ఇది ఫ్యాక్టరీదే. ఎడమవైపు ఒక వాల్వ్ కొట్టుకుంటోంది, చూపించుకో" అని ముందుకు కదిలాడు. తీర్పు చెప్పేవాడు తన పగను కూడా పక్కన పెట్టాడని నాకు గర్వమనిపించింది. ఆ గర్వం అయిదు నిమిషాలు కూడా నిలవలేదు.

పంతొమ్మిదో బండి పర్సీది.

పర్సీ పక్కన అతని భార్య రీటా కూర్చుని ఉంది. పర్సీ అద్దంలోంచి ఎల్డ్రెడ్‌నే చూస్తున్నాడు. అలా చూస్తూ ఉన్నాడంతే. ఎల్డ్రెడ్ ఆ బండి వెనక మిగతావాటి దగ్గరకన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. పర్సీ కోంబిలో అయిదు సిలిండర్ల ఇంజిన్ ఉందని ఆయనకు మూడేళ్ళుగా తెలుసట. పర్సీ వీధిలోంచి వెళ్ళిన మొదటిరోజే చప్పుడు పట్టేశాడు. స్నేహితుడు చెప్పలేదు కాబట్టి తానూ అడగలేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

"ఇది అయిదు సిలిండర్లది. ఫ్యాక్టరీది కాదు" అన్నాడు ఎల్డ్రెడ్.

చివరిదాకా వెళ్ళాడు. ఇరవై ఆరింట్లో పదకొండు పరాయి ఇంజిన్లు. ఎవరూ కాదనలేదు. ఒక్కరు కూడా మంచం ఎత్తి మూత తీసి చూపించలేదు. అబద్ధం రాసిన పదకొండు మంది లోపల, నిజం రాసినవాడు గేటు బయట.

తర్వాత గొడవ మొదలైంది. పదకొండు మందినీ పంపేయాలని కొందరు, పంపితే పండుగేముందని కొందరు. ఆడవాళ్ళు కూడా అరుచుకున్నారు. సంఘం పెద్దలు చెట్టు కింద గుమికూడి పది నిమిషాల్లో నిబంధన ఎత్తేశారు. ఫెరేరా మొహం ఎర్రగా చేసుకుని మా దగ్గరికొచ్చాడు. లోపలికి రండి అంకుల్, మీ పాత చోటు ఖాళీగానే ఉంది అన్నాడు.

"నువ్వు పొమ్మంటే పోవడానికి, రమ్మంటే రావడానికి నేను నీ పనివాణ్ణి కాదు" అన్నాడు ఎల్డ్రెడ్. బండెక్కి, తాళంచెవి తిప్పి, వెనక్కి తిప్పబోయాడు.

డొరీన్ తలుపు తీసుకుని దిగింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. అయినా వెనకనుంచి మడత కుర్చీని తానే లాగి తీసింది. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో ఆవిడ గొంతు నేనెప్పుడూ అలా వినలేదు.

"నువ్వు ఎక్కడికి వెళ్ళినా కోపం తెచ్చుకోవడానికే వెళ్తావు. నేను సముద్రం చూడ్డానికి వచ్చాను. వాళ్ళ మీద కోపమొచ్చింది, సరే, నాకూ వచ్చింది. పర్సీ ఏం చేశాడయ్యా నీకు? పద్దెనిమిది మందితో ఆపితే నీ చెవి చెడిపోతుందా?"

ఆవిడ కుర్చీ పట్టుకుని కుంటుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయింది. నేనూ దిగి ఆమె వెంట వెళ్ళాను.

అప్పటికి పర్సీ లేడు. ఊరేగింపు మొదలవకముందే వెనక దారిన రీటాతో ఇంటికి వెళ్ళిపోయాడు.

ఎల్డ్రెడ్ మూడు గంటలు గేటు బయటే ఉన్నాడు. తర్వాత బండి లోపలికి తెచ్చి కుళాయి పక్కన ఆపాడు. నాలుగు రోజులూ అందరూ ఆయనను తప్పించుకు తిరిగారు. ఇద్దరు ముగ్గురు మాత్రం ఎవరూ చూడనప్పుడు వచ్చి, తమ ఇంజిన్ చప్పుడు ఎలా ఉందో అడిగి వెళ్ళారు. చెప్పాడు. అడిగిన తీరుకు తిట్టి మరీ చెప్పాడు.

మరుసటి ఏడు సంఘం ఫారంలో ఇంజిన్ గడి లేదు. ఎల్డ్రెడ్ సభ్యత్వం మళ్ళీ కట్టలేదు. ఆ పదకొండు మందిలో అయిదుగురు తమ బళ్ళను రొవీనా దగ్గరికే పనికి తెస్తున్నారు. ఆమె వాకిట్లో రేకుల షెడ్డు వేసి, ఇప్పుడు వారానికి ఆరు రోజులూ ఇంజిన్లు మార్చే పనే చేస్తోంది. పాత కాగితాలు సరిగ్గా లేనివాళ్ళను ముందు పోలీసుల దగ్గరికి పంపిస్తుంది. అందుకు విసుక్కున్నవాళ్ళకు తండ్రిని చూపిస్తుంది.

పండుగైన నాలుగు నెలలకు ఎల్డ్రెడ్ పర్సీ ఇంటికి వెళ్ళాడు. క్షమాపణ అడగడానికే వెళ్ళాడని డొరీన్ అంటుంది. ఏమడిగాడో కానీ, పర్సీ తలుపు సగమే తీశాడు.

"నువ్వు నన్ను పట్టించినందుకు కాదు ఎల్డీ. మూడేళ్ళు నీకు తెలుసు. తెలిసి కూడా నా ఇంట్లో కూర్చుని టీ తాగావు. ఒక్కసారైనా 'ఏంట్రా ఇది' అని నా మొహమ్మీద అడగలేకపోయావా?" అని తలుపేశాడు.

ఈ మాట ఎల్డ్రెడే నాకు చెప్పాడు. చెబుతూ వాకిలి రెయిలింగ్‌ను అరచేత్తో కొడుతూనే ఉన్నాడు. కొట్టింది ఎవరి మీద కోపంతోనో ఆయనకే తెలియలేదని నా అనుమానం.

ఇప్పటికి నాలుగేళ్ళయింది. ఆ ఇద్దరికీ మాటల్లేవు. కిందటి డిసెంబరులో డొరీన్, రీటా ఈ మగాళ్ళను పట్టించుకోవడం మానేశారు. ఇద్దరూ రొవీనా కారెక్కి, మూడు రోజులకు సరిపడా రొట్టెలు కాల్చుకుని సముద్రానికి వెళ్ళిపోయారు. మగాళ్ళిద్దరూ ఎవరి ఇంట్లో వాళ్ళు మిగిలారు. రెండోరోజు మధ్యాహ్నం నేను గిన్నెలో బీన్స్ కూర పట్టుకుని ఎల్డ్రెడ్ ఇంటికి వెళ్ళాను. బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మూత తీసి, ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఉప్పు లేదు" అన్నాడు. ఉప్పు సీసా తీసి ఆయన ముందు గట్టిగా పెట్టి వచ్చేశాను.